ముందు నొగ, తర్వాతే గొలుసులు

అమెరికాలోని మంటానా రాష్ట్రంలో, బిగ్ హోల్ లోయలో కొన్ని రాంచుల (పెద్ద పశువుల క్షేత్రాల) వాళ్ళు చలికాలం పశువులకు గడ్డి వెయ్యడానికి ఇప్పటికీ గుర్రాల జతను పూన్చుతారు. మైనస్ 30 డిగ్రీల చలిలో ట్రాక్టర్ మొరాయించినా గుర్రాలు బయల్దేరతాయి. మనం స్లెడ్జి (చక్రాలకు బదులు పట్టాల మీద జారే మంచుబండి) మీద నిలబడి గడ్డి విసురుతుంటే అవి మంచులో వాటి పాటికి అవి నడుస్తూ ఉంటాయి. మూడు చలికాలాలుగా వారాంతాల్లో అక్కడికెళ్ళి పని నేర్చుకుంటున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా జత రెండూ పెర్షెరాన్‌లు, అంటే బరువులు లాగే జాతి గుర్రాలు, ఒక్కోటీ 800 కిలోల పైనే. మా తాతకు దాపటి ఎద్దు, వలపటి ఎద్దు ఉన్నట్టే ఇక్కడా ఎడమ గుర్రం ఎప్పుడూ ఎడమే, కుడిది కుడే. దగ్గరికి వెళ్ళేముందు పేరు పెట్టి పిలవండి. చెయ్యి భుజం మీద వేసి, అక్కణ్ణుంచి వెనక్కి కదలండి. చప్పుడు చెయ్యకుండా వెనకనుంచి మాత్రం వెళ్ళొద్దు.

అన్నిటికంటే ముందు వేసేది కాలర్, అంటే మెడ చుట్టూ వేసే మెత్తటి పట్టెడ. ఎద్దు మూపురం ముందు కాడి పెట్టి లాగుతుంది. గుర్రం భుజాలతో లాగుతుంది, ఆ బరువంతా ఈ కాలర్ మీదే పడుతుంది. పైన బకిల్ బిగించాక కింద, గొంతుకూ కాలర్‌కూ మధ్య అరచెయ్యి బల్లపరుపుగా దూర్చి చూడండి. చెయ్యి తేలిగ్గా దూరాలి. దూరకపోతే లాగేటప్పుడు ఊపిరి ఆడదు. మరీ వదులైతే కాలర్ అటూ ఇటూ కదిలి భుజం ఒరుసుకుపోతుంది. వేసేముందు లోపలి వైపు వేళ్ళతో తడమండి. ఎండిన చెమట పెళ్ళ ఒక్కటున్నా సాయంత్రానికి అక్కడ పుండు పడుతుంది. తాత కూడా కాడి కట్టేముందు ఎడ్ల మెడలు ఇలాగే తడిమి చూసేవాడు.

తర్వాత హార్నెస్, అంటే బండి లాగడానికి గుర్రానికి తొడిగే పట్టీల సామాను. ఇది బరువుగా ఉంటుంది, వీపు మీదికి విసరొద్దు, మెల్లగా దించండి. హేమ్స్ అనే రెండు కమ్ములూ కాలర్ గాడిలో సరిగ్గా కూర్చోవాలి. వాటి కింది పట్టీని శక్తికొద్దీ బిగించండి. అది జారితే హేమ్స్ కాలర్ మీంచి ఊడొస్తాయి. పొట్టపట్టీ మాత్రం చెయ్యి దూరేంత వదులుగా ఉంటే చాలు.

ఆఖర్న కళ్ళెం. గడ్డకట్టే చలిలో ఇనుప కళ్ళేన్ని అలాగే నోట్లో పెట్టకండి, నాలుక అంటుకుపోతుంది. చేతి తొడుగులు తీసి, అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టండి. చేతులు మొద్దుబారిపోతాయి, అయినా సరే.

ఇక పూన్చడం. పగ్గాలు చేతిలోకి వచ్చాకే గుర్రాలను నొగకు చెరోవైపు నిలపండి. ముందు నొగ చివరనున్న నెక్ యోక్ అనే అడ్డకర్రను రెండిటి రొమ్ముపట్టీలకు తగిలించాలి. ఆ తర్వాతే హార్నెస్‌ను స్లెడ్జికి కలిపే వెనక గొలుసులు. విప్పేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు: ముందు గొలుసులు, చివరగా నొగ.

రెండో ఏడు ఒక సాయంత్రం ఎవరో పిలిస్తే పలుకుతూ నేను ముందు నొగ దించేశాను. కుడి గుర్రం గొలుసులు ఇంకా తగిలే ఉన్నాయి. అది ఒక్క అడుగు వేసింది. నొగ మొన మంచులో గుచ్చుకుని, స్లెడ్జి దాని మడమల మీదికి వచ్చింది. రాంచు పెద్దాయన అరవలేదు, నెమ్మదిగా "వో" అన్నాడు. రెండూ ఆగిపోయాయి. ఆయన వాటి తలల దగ్గర నిలబడితే నేను వణికే చేతులతో గొలుసులు విప్పాను. ఆ రోజు నుంచి విప్పే పని అయ్యేదాకా ఎవరు పిలిచినా పలకను.

ఆ "వో" అనే మాటను నిజంగా ఆపాలనుకున్నప్పుడే వాడండి. "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి. ముందు మాట, ఆ తర్వాతే పగ్గం. పగ్గాలు చేతికి చుట్టుకోకండి, గుర్రాలు బెదిరి పరిగెడితే మిమ్మల్ని కూడా ఈడ్చుకుపోతాయి. రాత్రి నిలిపిన స్లెడ్జి పట్టాలు నేలకు గడ్డకట్టుకుపోతే, తిన్నగా లాగించొద్దు. జతను ముందు ఓ అడుగు పక్కకు వేయిస్తే పట్టాలు ఊడొస్తాయి.

పని అయ్యాక కాలర్ తీసి, భుజాల మీది చెమట చూడండి. తడి అంతటా ఒకేలా ఉంటే కాలర్ సరిపోయినట్టే. తడి మధ్యలో రూపాయి బిళ్ళంత పొడి మచ్చ కనిపిస్తే అక్కడ కాలర్ గట్టిగా నొక్కుతోందని అర్థం. మర్నాడు ఆ గుర్రాన్ని పూన్చకండి, ముందు కాలర్ మార్చండి.