ఇంటి మెకానిక్‌కు ఎయిర్ టూల్ కానుకగా ఇవ్వాలంటే ఎలా ఎంచుకోవాలి?

ప్రతి బంధువర్గంలోనూ ఒకాయన ఉంటాడు. ఆదివారం వస్తే చాలు, కారును జాకీ మీద లేపి కింద దూరతాడు. బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నా, సస్పెన్షన్ బుష్ వేయాలన్నా సర్వీస్ సెంటర్ వైపు చూడడు. అలాంటి మనిషికి దసరాకు బట్టలు పెట్టే బదులు పనిముట్టు ఇస్తే బాగుంటుంది. ఆయుధపూజ నాడు పానాల పక్కన కొత్త ఇంపాక్ట్ గన్ (దెబ్బల మీద దెబ్బలు కొడుతూ నట్లు ఊడదీసే యంత్రం) పెట్టి బొట్టు పెడతాడు.

చిక్కు ఒక్కటే. గాలితో నడిచే పనిముట్లను స్క్రూడ్రైవర్ సెట్టు కొన్నట్టు కొనలేం. గన్ ఎంత ఖరీదైనదైనా, వెనక గాలి చాలకపోతే చక్రం నట్టు దగ్గర టకటకమని మొరాయిస్తుంది. అందుకే దుకాణానికి వెళ్లే ముందు అతని కంప్రెసర్ సంగతి తెలుసుకోవాలి.

1. చెప్పకుండా కంప్రెసర్ చూసి రండి

"బావా, బండికి గాలి తగ్గింది, మీ కంప్రెసర్‌తో కొట్టుకోవచ్చా?" అని వెళ్లండి. అతను పైపు విప్పేలోపు నేమ్‌ప్లేట్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దాని మీద మోటారు హెచ్‌పీ, ట్యాంకు లీటర్లు, గరిష్ఠ ప్రెషర్, నిమిషానికి ఇచ్చే గాలి ఉంటాయి. అందరూ హెచ్‌పీ చూస్తారు కానీ మనకు కావాల్సింది చివరి అంకె. అది సీఎఫ్‌ఎంలో, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అన్న లెక్కలో ఉంటుంది. కొన్నింటి మీద నిమిషానికి లీటర్లు అని ఉంటుంది. 1 సీఎఫ్‌ఎం అంటే 28.3 లీటర్లు.

ఇక్కడే ఒక మతలబు ఉంది. ప్లేటు మీద చాలాసార్లు పిస్టన్ పీల్చుకునే గాలినే రాస్తారు. పైపు చివర చేతికొచ్చేది అందులో మూడింట రెండు వంతులు ఉంటే గొప్ప. 'ఎఫ్ఏడీ' (ఫ్రీ ఎయిర్ డెలివరీ, అంటే నిజంగా బయటికొచ్చే గాలి) అని విడిగా రాసి ఉంటే ఆ అంకెను నమ్మొచ్చు. ఏమీ లేకపోతే 90 పీఎస్ఐ దగ్గర హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్‌ఎం అని లెక్కేసుకోండి. దాదాపు అన్ని ఎయిర్ టూల్స్ కోరుకునే ప్రెషర్ ఆ 90 పీఎస్ఐయే. మెకానిక్ భాషలో ఆరు కేజీల పైచిలుకు.

ట్యాంకు సైజు ఎందుకంటే, ఇంట్లో వాడే కంప్రెసర్‌కు అదే ఊపిరి. 50 లీటర్ల ట్యాంకులో ప్రెషర్ 8 బార్ నుంచి 6 బార్‌కు (90 పీఎస్ఐ దగ్గరికి) పడేలోగా సుమారు 100 లీటర్ల గాలి బయటికొస్తుంది. అర అంగుళం ఇంపాక్ట్ గన్‌ను (ఆ అంగుళం లెక్క ముందుండే చదరపు మొన సైజు) ఆపకుండా నొక్కితే నిమిషానికి 20 సీఎఫ్‌ఎం దాకా, అంటే 560 లీటర్లకు పైగా తాగుతుంది. ఆ లెక్కన ట్యాంకు పదిసెకన్లకు నీరసపడుతుంది. కానీ బాగా పనిచేసే గన్‌కు ఒక నట్టు ఊడదీయడానికి రెండు మూడు సెకన్లు చాలు. కాబట్టి 50 లీటర్లతో ఒక చక్రం ఊడదీసి, మోటారు మళ్లీ గాలి నింపేదాకా ఆగి, రెండో చక్రం దగ్గరికి వెళ్లొచ్చు. ఇంటి పనికి అంతకన్నా ఏం కావాలి? 24 లీటర్లదైతే ఒకటి రెండు నట్లకే ఆగాల్సి వస్తుంది, విసుగు పుడుతుంది.

గన్ డబ్బా మీద '4 సీఎఫ్‌ఎం' అని కనబడితే మోసం అనుకోకండి, అలాగని సంబరపడనూ వద్దు. నిమిషంలో కొన్ని సెకన్లే నొక్కుతారన్న లెక్కతో తీసిన సగటు అది.

అసలు కంప్రెసరే లేకపోతే? అప్పుడు ఎయిర్ టూల్ ఆలోచన మానేసి బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ కొనివ్వండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పనిచేసుకునేవాళ్లకైతే ఇది మరీ వర్తిస్తుంది. పిస్టన్ కంప్రెసర్ మోతకు పైఅంతస్తుల వాళ్లు దిగివస్తారు, 2 హెచ్‌పీ మోటారుకు 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, పార్కింగ్‌లో అది దొరకదు. సొంతిల్లు, వెనక రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. అయినా రాత్రి పది దాటాక వాళ్లు కూడా దాన్ని ఆన్ చేయకూడదు.

2. ఏ పనిముట్టు?

కారు పని చేసేవాళ్లకు అర అంగుళం ఇంపాక్ట్ గన్ మొదటి ఎంపిక. చాలా కార్ల చక్రాల నట్లకు 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగువు ఉంటుంది. తుప్పు పట్టినవి, ఎవరో మొరటుగా బిగించినవి ఊడాలంటే అంతకు మూడు నాలుగు రెట్లు బలం పట్టొచ్చు. నిజంగా 500 నుంచి 700 న్యూటన్ మీటర్లు ఇచ్చే గన్ ఇంటికి ధారాళం. డబ్బా మీద 1,300, 1,500 అని పెద్ద అంకెలుంటాయి. అవి ఎక్కువగా ఊడదీసేటప్పటి గరిష్ఠ అంకెలు. వాటి వెంటపడొద్దు. రెండు గన్‌లను పోల్చేటప్పుడు కొలమానం కూడా చూడండి. ఒకదాని మీద ఫుట్ పౌండ్లు, ఇంకోదాని మీద న్యూటన్ మీటర్లు ఉంటాయి. 500 ఫుట్ పౌండ్లంటే 678 న్యూటన్ మీటర్లు. ముప్పావు అంగుళం, అంగుళం గన్‌లు లారీ పనికి, వాటి జోలికి పోవద్దు.

బైకులు మాత్రమే విప్పేవాళ్లకు అంత గన్ అక్కర్లేదు. ఇంజన్ మీది ఆరు మిల్లీమీటర్ల బోల్టులు 10 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటాయి, ఇంపాక్ట్ తగిలితే పుటుక్కున విరుగుతాయి. వాళ్లకు మూడెనిమిదో (3/8) అంగుళం ఎయిర్ రాచెట్, అంటే గాలితో తిరిగే పానా నప్పుతుంది. నట్టు బిగుసుకున్న క్షణాన హ్యాండిల్ వెనక్కి తన్ని వేళ్లు నొక్కుకుపోతాయి, ఆ హెచ్చరిక కూడా కానుకతో పాటే చెప్పండి.

సాండర్, గ్రైండర్ లాంటివి ఇవ్వాలని ఎంత ఉబలాటంగా ఉన్నా ఆగండి. పెయింట్ పనికి వాడే గుండ్రటి సాండర్ పట్టినంతసేపూ 10 సీఎఫ్‌ఎం దాకా లాగుతుంది. 2 హెచ్‌పీ కంప్రెసర్ దాని వెంట పరుగెత్తలేదు.

పదిహేడు ముక్కలు, ముప్పై నాలుగు ముక్కలు అని ప్లాస్టిక్ పెట్టెలో వచ్చే కాంబో కిట్లు చూడటానికి పెళ్లి కానుకలా ఉంటాయి. వద్దు. ఆ డబ్బుతో ఒక్క మంచి గన్ కొనండి. కిట్‌లో ఏది చెడినా స్పేరు దొరకదు.

డబ్బు పరిమితంగా ఉంటే, మీటరు ఉన్న మంచి టైర్ ఇన్‌ఫ్లేటర్ కొనండి. వారానికొకసారైనా చేతికొచ్చేది అదే. అందరూ గన్ గురించి మాట్లాడతారు గానీ, కచ్చితమైన గేజ్ ఉన్న ఇన్‌ఫ్లేటర్ ఇచ్చినవాళ్లను ఇంటిల్లిపాదీ తలుచుకుంటారు.

3. చేతిలోకి తీసుకుని చూడండి

సికింద్రాబాద్‌లో రాణిగంజ్‌కు వెళితే టూల్స్, హార్డ్‌వేర్ దుకాణాలు వరసగా ఉంటాయి. బాలానగర్ వైపు పరిశ్రమలకు సామాను అమ్మేవాళ్లు ఉంటారు. పనిదినాల్లో, కాస్త తీరిక చేసుకుని వెళ్లండి. హైదరాబాద్‌లో పాత సామాను అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో పాత గన్‌లు దొరుకుతాయి, చూడటానికి సరదాగా ఉంటుంది. కానుక మాత్రం అక్కడ కొనొద్దు.

ఇంగర్సాల్ ర్యాండ్, చికాగో న్యూమాటిక్ లాంటి పేర్లు మెకానిక్‌లకు పాతవే. మన దేశపు గ్రోజ్ కూడా ఉంది. పేరుకన్నా ముందు దుకాణదారును ఒక్క మాట అడగండి: "దీని రోటర్ బ్లేడ్లు, రిపేర్ కిట్ మీ దగ్గర దొరుకుతాయా?" ఎయిర్ మోటారులో ముందుగా అరిగేవి ఆ బ్లేడ్లే. కిట్ తీసి చూపించే దుకాణంలో కొనండి. "అది చెడిపోదు సార్" అంటే పక్క దుకాణానికి నడవండి.

తర్వాత బరువు. కాంపోజిట్ బాడీ గన్ రెండు కిలోల అటూఇటూ ఉంటుంది, పూర్తి లోహపుది రెండున్నర దాటుతుంది. కారు కింద వెల్లకిలా పడుకుని చేయి పైకెత్తేవాడికి ఆ అరకిలో చాలా తేడా. ముందుకు, వెనక్కి తిప్పే మీట అదే చేతి బొటనవేలికి అందాలి. గాలి హ్యాండిల్ అడుగు నుంచి బయటికి పోవాలి, లేకపోతే దుమ్మంతా మొహానికి కొడుతుంది. సాకెట్ (నట్టు మీద కూర్చునే గోటీ) తగిలించే మొన వేళ్లతో ఊపితే లొడలొడలాడకూడదు. 'ట్విన్ హ్యామర్' అని ఉంటే మంచిది, దెబ్బ రెండు వైపులా సమంగా పడి అదురు తక్కువగా ఉంటుంది. కుదిరితే గాలి తగిలించి ఒక్కసారి నొక్కమనండి.

ఆన్‌లైన్‌లో కొంటే అమ్మకందారు పేరు, వారంటీ ఎవరిస్తారు అన్నవి చదవండి. పేరున్న కంపెనీల నకళ్లు తిరుగుతుంటాయి. జీఎస్టీ బిల్లు, సీరియల్ నంబర్ లేకుండా తీసుకోవద్దు.

4. గన్‌తో పాటు ఇవ్వాల్సినవి

ఇంపాక్ట్ సాకెట్లు తప్పనిసరి. ఇంట్లో ఉన్న తళతళలాడే గోటీ సెట్టును గన్‌కు తగిలిస్తే పగిలి ముక్కలు ఎగరొచ్చు. నల్లగా, మందంగా ఉండే క్రోమ్ మాలిబ్డినం సాకెట్లు కావాలి. మొత్తం సెట్టు అక్కర్లేదు, అతని కారు చక్రానికి సరిపోయేవి చాలు. మన దగ్గర ఎక్కువ కార్లకు 19 లేదా 21 మిల్లీమీటర్లు.

పైపు సంగతి చాలామంది మరిచిపోతారు. నీలం రంగు సన్న పీయూ పైపు, లోపల ఐదారు మిల్లీమీటర్ల రంధ్రం ఉన్నది, ఇన్‌ఫ్లేటర్‌కు బాగానే ఉంటుంది. గన్‌కు గాలి అందదు. లోపల 10 మిల్లీమీటర్లున్న రబ్బరు హోస్ కొనండి, అతని కంప్రెసర్‌కు పైపు తగిలించే కప్లర్‌ను కూడా ఫొటో తీసి ఉంచుకోండి. గన్‌కు వచ్చేది మామూలుగా పావు అంగుళం మర, దానికి నిపుల్, టెఫ్లాన్ టేపు దుకాణంలోనే వేయించండి. నీళ్ల పీవీసీ పైపును గాలి లైనుకు వాడే అలవాటు కొందరికి ఉంది. పగిలితే పెంకుల్లా ఎగురుతుంది, ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ. అదంతా ట్యాంకులో నీరై, అక్కడి నుంచి గన్‌లోకి వెళ్లి బేరింగులు తుప్పు పట్టిస్తుంది. చిన్న ఫిల్టర్ రెగ్యులేటర్ ఒకటి, ఎయిర్ టూల్ ఆయిల్ సీసా ఒకటి కలపండి. వాడే ముందు గాలి వచ్చే రంధ్రంలో నాలుగైదు చుక్కలు వేయాలి, పని అయ్యాక ట్యాంకు అడుగున వాల్వు తిప్పి నీళ్లు వదలాలి. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు కూడా ఆ పెట్టెలోనే.

ఇంకా చేతిలో డబ్బుంటే టార్క్ రెంచ్, అంటే బిగువు కొలిచి బిగించే పానా ఇవ్వండి. గన్‌తో నట్టును ఆనించి వదిలేసి, చివరి బిగింపు చేత్తో చేయాలి. పూర్తిగా గన్‌తోనే బిగించేస్తే స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు) సాగుతాయి, దారిలో పంచరైన రోజు వీల్ పానాతో ఎవరూ ఊడదీయలేరు.

ఇచ్చే ముందు బిల్లు, దుకాణం ముద్ర వేసిన వారంటీ కార్డు పెట్టెలో పెట్టండి. ప్యాకింగ్ విప్పగానే పిల్లలు గన్ తీసుకుని ఖాళీగా గర్రుమని తిప్పడం మొదలుపెడతారు. నట్టు లేకుండా ఎక్కువసేపు తిప్పితే లోపలి బ్లేడ్లు ఊరికే అరుగుతాయి. అందుకే గాలి పైపును విడిగా వేరే కవర్లో చుట్టి ఇవ్వండి.