ఏపీ క్రెడిట్ ఉందని క్లాసు వదిలేసే ముందు

అమెరికాలో ఈ ఏడాది కాలేజీలో చేరే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. జులైలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (ఏపీ) స్కోర్లు వస్తాయి. ఇవి హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్షలు; మంచి స్కోరు వస్తే చాలా కాలేజీలు ఆ కోర్సు చేసినట్టే లెక్కేస్తాయి, అదే క్రెడిట్. క్యాలిక్యులస్ బీసీ పరీక్షలో అత్యధిక స్కోరైన 5 వస్తే చాలా యూనివర్సిటీలు క్యాలిక్యులస్ 1, 2 రెండింటికీ క్రెడిట్ ఇస్తాయి. ఇస్తున్నారు కదా అని నేరుగా క్యాలిక్యులస్ 3లో చేరిపోవద్దు. ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో క్యాలిక్యులస్ 2 పాత ఫైనల్ పేపరు దొరుకుతుందేమో చూడండి. పుస్తకం మూసి, టైము పెట్టుకుని రాయించండి. ఇంటిగ్రేషన్, సిరీస్ లెక్కలు చకచకా వచ్చేస్తే టెన్షన్ లేదు, వదిలేయొచ్చు. సగంలోనే తడబడితే మాత్రం ఆ క్లాసు కాలేజీలో మళ్లీ చేయడమే మేలు, ముఖ్యంగా ఇంజినీరింగ్ వాళ్లకి.

మేజర్‌తో, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుతో, సంబంధం లేని హిస్టరీ లాంటి వాటికి ఇంత ఆలోచన అక్కర్లేదు. హాయిగా వాడేసుకోండి, ఫీజూ మిగులుతుంది.

మెడిసిన్ వైపు వెళ్లేవాళ్ల సంగతి వేరు. బయాలజీ, కెమిస్ట్రీలకు ఏపీ క్రెడిట్ ఒప్పుకోని మెడికల్ స్కూళ్లున్నాయి. కొన్ని దాని బదులు పైస్థాయి కోర్సు అడుగుతాయి. ఇంకోటి, అదే కోర్సు మళ్లీ చేస్తే చాలాచోట్ల ఏపీ క్రెడిట్ పోతుంది. ఓరియెంటేషన్‌లో అడ్వైజర్‌ని ఇది అడిగాకే రిజిస్టర్ చేయించండి.