కారు ఏసీలోని ముక్కిన వాసనను మొదలంటా పోగొట్టడం

వానకాలం మొదలైన రెండు మూడు వారాలకు, పొద్దున కారు స్టార్ట్ చేసి ఏసీ బటన్ నొక్కగానే, తడి ఆరని బట్టల మూట విప్పినట్టు ఒక వాసన మొహానికి కొడుతుంది. రెండు నిమిషాలకు తగ్గినట్టే తగ్గి, సాయంత్రం మళ్లీ కారెక్కేసరికి తయారుగా ఉంటుంది. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కార్లు వాడేవారికి ఇది బాగా తెలిసిన ఇబ్బందే. ఎండకాలమంతా దుమ్మును పీల్చుకున్న ఏసీకి జూన్ నుంచి గాలిలోని తేమ తోడవుతుంది. దుమ్మూ తేమా కలిసిన చోట బూజు పుడుతుంది. చాలామంది వెంటనే ఒక సెంటు సీసా కొని జాలీకి తగిలిస్తారు గానీ, అది వాసన మీద వాసన వేయడమే తప్ప మందు కాదు. పేరుకున్న మురికిని తీసి, తడిని ఆరబెడితే తప్ప ఈ వాసన పోదు.

డ్యాష్‌బోర్డు వెనుక, మెకానిక్‌లు కూలింగ్ కాయిల్ అని పిలిచే భాగం ఒకటి ఉంటుంది. సన్నని గొట్టాల మధ్య పల్చటి అల్యూమినియం రేకులను దగ్గర దగ్గరగా పేర్చినట్టు ఉండే ఈ కాయిల్‌లో చల్లటి గ్యాస్ తిరుగుతుంది, బ్లోయర్ ఊదే గాలి ఆ రేకుల సందుల్లోంచి వచ్చి చల్లబడుతుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు చెంబుకు బయట చెమట పట్టినట్టే, గాలిలోని తేమ ఆ రేకుల మీద నీటిబొట్లుగా మారి, కింది ట్రేలోకి దిగి, ఒక చిన్న రబ్బరు పైపు గుండా కారు కిందికి కారిపోతుంది. మనం ఇల్లు చేరి ఇంజిన్ బంద్ చేసినప్పుడు మాత్రం ఆ కాయిల్ తడితడిగా, వెలుతురు సోకని పెట్టెలో రాత్రంతా ఉండిపోతుంది. రేకులకు అంటుకున్న దుమ్ము, పుప్పొడి, వరి పొట్టు, దారాల నూగు ఆ తడిలో నానుతుంటే బూజు, సూక్ష్మక్రిములు పెరుగుతాయి. మన ముక్కుకు తగిలేది వాటి వాసనే. ఆస్తమా, తుమ్ముల బాధ ఉన్నవారికి ఇది వట్టి వాసనతో ఆగదు కాబట్టి దీన్ని తేలికగా తీసుకోకూడదు.

పని మొదలుపెట్టే ముందు వాసన ఎలాంటిదో తేల్చుకోవాలి. తియ్యటి పాకం లాంటి వాసన వస్తూ ముందు అద్దం లోపలి వైపు జిడ్డు పొర పడుతుంటే, అది హీటర్ గొట్టాల నుంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, కారుతున్న గుర్తు. కూలెంట్ విషపదార్థం, పైగా దాని మట్టం తగ్గితే ఇంజిన్ దెబ్బతింటుంది, కాబట్టి నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకుపోవాలి. కాలిన వైరు వాసన గానీ పెట్రోలు వాసన గానీ వస్తే బండిని పక్కకు ఆపి వెంటనే ఇంజిన్ బంద్ చేయాలి. రైసు మిల్లుల పక్కన, వరి కల్లాల దగ్గర బండి పెట్టేవారికి కుళ్లిన వాసన వస్తే ఎలుక చచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు చేతులకు తొడుగులు, మూతికి మాస్కు పెట్టుకొని, పెంటికలను పొడిగా ఊడ్చకుండా ముందు క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, ఆ తర్వాతే తుడవాలి. ఇక బ్లోయర్ వేయకముందే, తలుపు తీయగానే వాసన వస్తుంటే తప్పు ఏసీది కాకపోవచ్చు, కాళ్ల కింది కార్పెట్ తడిసి ఉండవచ్చు. బ్లోయర్ వేసిన మొదటి నిమిషంలోనే వాసన గుప్పుమని వచ్చి తర్వాత తగ్గుతుంటే అది కాయిల్‌దే.

మా ఇంటి ముందు వేపచెట్టు ఉంది, కారు దాని నీడనే ఉంటుంది. మూడేళ్ల కింద వాసన మొదలైనప్పుడు ఒక సర్వీసు సెంటర్‌కు తీసుకుపోతే, ఏసీ శుభ్రం చేశామని బిల్లు వేసి, నిమ్మకాయ వాసన వచ్చే సెంటు కొట్టి పంపించారు. నాలుగో రోజుకు నిమ్మకాయ పోయి బూజు మిగిలింది, వెనుక సీట్లో కూర్చున్న మా అమ్మకు నల్లగొండ నుంచి హైదరాబాద్ చేరేదాకా దగ్గు ఆగలేదు. ఆ ఆదివారం ముందు సీటుకు ఎదురుగా డ్యాష్‌బోర్డులో ఉండే గ్లవ్ బాక్స్ ఊడదీసి, లోపల గాలిని వడకట్టే ఫిల్టర్‌ను నేనే బయటికి లాగాను. తెల్లగా ఉండాల్సిన కాగితం మడతలు బొగ్గుపట్టిన గుడ్డలా ఉన్నాయి. ఒక్కో మడతలో ఎండిన వేపపూత, వడ్ల పొట్టు, ఒక చనిపోయిన చిమ్మెట, మూలకు తడిసి అంటుకుపోయిన ఆకు ముద్ద. ఆ ముద్దను వేలితో నలిపితే కారులో వచ్చే వాసనే వచ్చింది. శుభ్రం చేశామన్నవాళ్లు ఆ మూత తెరిచి చూడనేలేదని అప్పుడు అర్థమైంది, అందుకే ఈ పనిని వీలైనంత వరకు ఎవరికి వారు చేసుకోవడమే మేలని నా అభిప్రాయం.

కాబట్టి మొదటి పని ఫిల్టర్. మన కార్లలో ఎక్కువగా ఇది ఎడమ వైపు గ్లవ్ బాక్స్ వెనుక ఉంటుంది. బాక్స్‌ను ఖాళీ చేసి, రెండు పక్కలను లోపలికి నొక్కితే అది కిందికి వాలుతుంది, వెనుక పొడవాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. మూత తీసి ఫిల్టర్‌ను మెల్లగా, దుమ్ము లోపలికి రాలకుండా లాగాలి. లాగే ముందు దాని మీది బాణం ఏ వైపు చూపుతుందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే, కొత్తది బిగించేటప్పుడు తికమక ఉండదు. సాధారణంగా 10,000 నుంచి 15,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చమంటారు గానీ, జాతీయ రహదారి మీద టిప్పర్ల వెనుక తిరిగేవారు, వరికోతల కాలంలో మిల్లుల రోడ్ల మీద వెళ్లేవారు ఆ లెక్క కోసం ఎదురుచూడకుండా మూడు నాలుగు నెలలకోసారి తీసి చూడాలి. ఒకసారి తడిసి బూజు పట్టిన కాగితం ఫిల్టర్‌ను దులిపి, ఎండలో పెట్టి మళ్లీ వేయడం వల్ల ఫలితం ఉండదు. బొగ్గు పొర ఉన్న ఫిల్టర్ కొంత ఖరీదెక్కువ, బయటి పొగ వాసనలను బాగా ఆపుతుంది. అయితే కాయిల్ ఫిల్టర్ దాటాక ఉంటుంది కాబట్టి, కాయిల్ మీద పుట్టిన బూజు వాసనకు అది జవాబు కాదు. కొన్ని పాత కార్లలో, తక్కువ ధర మోడళ్లలో అసలు ఫిల్టరే ఉండదు, వాటిలో మురికంతా నేరుగా కాయిల్‌కే చేరుతుంది.

ఫిల్టర్ తీసిన చేతితోనే బానెట్ ఎత్తి, ముందు అద్దం కింద వైపర్ల దగ్గరున్న నల్ల ప్లాస్టిక్ జాలీని చూడండి. బయటి గాలి లోపలికి పోయే దారి అదే. అక్కడ ఆకులు చేరి కుళ్లుతుంటే వాటిని చేతితో ఏరేయాలి.

రెండోది నీళ్లు పోయే పైపు. వానకాలంలో ఏసీ వేసి పావుగంట నిలబెడితే కారు కింద, ముందు సీట్ల ప్రాంతంలో నీళ్లు బొట్లు బొట్లుగా కారాలి. ఏప్రిల్, మే నెలల పొడి గాలిలో ఇవి బాగా తక్కువగా పడతాయి కాబట్టి ఈ పరీక్షను జూన్ తర్వాత చేయడం మంచిది, ఇంజిన్ నడుస్తుంది కనుక ఆరుబయటే చేయాలి. నీళ్లు కారకుండా ముందు సీటు కింది కార్పెట్ తడుస్తుంటే పైపు మూసుకుపోయినట్టే. పైపు కొన ఎక్కువ కార్లలో ఇంజిన్‌కూ లోపలి గదికీ మధ్యనున్న రేకు గోడ కింది భాగంలో బయటికి పొడుచుకొని ఉంటుంది. ఇంజిన్ చల్లబడ్డాకే ముట్టుకోవాలి, ఎందుకంటే సైలెన్సర్ గొట్టం కూడా దగ్గరలోనే ఉండవచ్చు. ఒక్క జాకీ మీద లేపిన కారు కింద ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. మా కారు పైపు కొనకు పొలం బాట మట్టి గడ్డకట్టి ఉంది. మెత్తటి సన్నని ప్లాస్టిక్ తీగను రెండంగుళాలు లోపలికి జొనిపి తిప్పగానే మట్టి బిరడా ఊడి, చెంబెడు మురికి నీళ్లు నా మోచేతి మీదుగా కారాయి. ఇనుప చువ్వను మాత్రం వాడకండి, అది లోతుకు పోయి కాయిల్‌కు తగిలితే గ్యాస్ పోతుంది. పంచరు దుకాణంలో గాలి కొట్టించినా, ఒత్తిడి తక్కువగా, చిన్న చిన్న విడతలుగా కొట్టించాలి.

ఈ రెండూ అయ్యాక కాయిల్‌ను కడగాలి. దీనికోసం నురగ రూపంలో వచ్చే ఏసీ కాయిల్ క్లీనర్ డబ్బాలు కార్ల సామాను దుకాణాల్లో దొరుకుతాయి, వాటికి సన్నని పొడవాటి గొట్టం కూడా ఇస్తారు. ఇంజిన్, ఏసీ, బ్లోయర్ అన్నీ బంద్ చేసి, కళ్లద్దాలు, చేతి తొడుగులు పెట్టుకొని, ఆ గొట్టాన్ని నీళ్ల పైపు గుండా పైకి గానీ, ఫిల్టర్ తీసిన సందులోంచి కాయిల్ వైపు గానీ పంపి నురగ వదలాలి. ఫిల్టర్ సందు నుంచి కొట్టేటప్పుడు బ్లోయర్ మోటారు, దాని వైర్ల మీద పడకుండా చూసుకోవాలి. డబ్బా మీద రాసినంత సేపు, మామూలుగా 10 నుంచి 20 నిమిషాలు, అలాగే వదిలేస్తే నురగ కరిగి, మురికిని లాక్కొని పైపు గుండా కిందికి దిగుతుంది. మొదట గోధుమరంగు నీళ్లు వస్తాయి. తర్వాత నాలుగు తలుపులూ తెరిచి, ఏసీ లేకుండా, బయటి గాలి వచ్చేలా పెట్టి, బ్లోయర్‌ను మొదట చిన్నగా, ఆపైన పూర్తి వేగంతో ఇరవై నిమిషాలు తిప్పాలి. ఆ సమయంలో లోపల ఎవరూ కూర్చోకూడదు. కొత్త ఫిల్టర్‌ను ఇదంతా అయ్యాకే బిగించాలి.

డబ్బాకు డబ్బులెందుకని కొందరు ఇంట్లో ఉన్న బ్లీచింగ్, బాత్రూం యాసిడ్, ఫినాయిలు వాడతారు. బ్లీచింగ్ అల్యూమినియం రేకులను తినేస్తుంది, బ్లీచింగ్‌కు యాసిడ్ తోడైతే ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుడుతుంది, ఫినాయిలు వాసన నెలల తరబడి వదలదు. కలరా ఉండలను జాలీలో వేయడం కూడా తప్పే, మూసిన కారులో వాటి ఆవిరి మంచిది కాదు. కాయిల్‌ను నీళ్లతో కడగాల్సి వస్తే బోరు నీళ్లు వద్దు; మా దగ్గర ఆ నీళ్లు ఆరిన బకెట్‌కే తెల్లటి చార పడుతుంది, రేకుల సందుల్లో అదే ఉప్పు పేరుకుంటే గాలి దారి ఇరుకవుతుంది.

కార్పెట్ తడిసి ఉంటే పైన మ్యాట్ ఎండబెట్టడంతో పని కాదు. దాని కింద మందపాటి నూగు పొర ఉంటుంది, పైన పొడిగా కనిపించినా అది వారాల తరబడి తడిని దాచుకుంటుంది. అరచేతితో గట్టిగా అదిమి, చల్లగా తగిలితే కార్పెట్‌ను ఎత్తి, కింద కర్రముక్కలు పెట్టి, తలుపులు తెరిచి మధ్యాహ్నపు ఎండలో వదలాలి. పాలమూరు ఎండకు సాటి వచ్చే యంత్రం లేదు, రెండు రోజుల్లో ఆరిపోతుంది. పాలు, పెరుగు, కల్లు ఒలికిన చోట వంట సోడా చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున వాక్యూమ్‌తో లాగేయాలి.

శుభ్రం చేసిన కాయిల్ మళ్లీ ముక్కకుండా కాపాడేది ఒక చిన్న అలవాటు. ఇల్లు చేరడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ బటన్ మాత్రమే ఆపి, బ్లోయర్‌ను అలాగే నడవనివ్వాలి. జడ్చర్ల వైపు నుంచి మహబూబ్‌నగర్ వచ్చేవారు ఊరు దగ్గరపడగానే బటన్ ఆపితే, ఇల్లు చేరేసరికి కాయిల్ మీది తడి చాలావరకు ఆరుతుంది. హీటర్ వేస్తే కాయిల్ ఆరుతుందని చాలామంది నమ్ముతారు, కానీ ఎక్కువ కార్లలో గాలి ముందు కాయిల్ దాటాకే హీటర్‌కు చేరుతుంది కాబట్టి, ఆరబెట్టేది వేడి కాదు, గాలి. లోపలి గాలినే తిప్పే బటన్‌ను, అంటే కారు బొమ్మలో వంగిన బాణం ఉన్నదాన్ని, టిప్పర్ దుమ్ము దాటేదాకా వాడి వెంటనే తీసేయాలి. గంటల తరబడి దాన్నే ఉంచితే లోపల తేమా, మనం వదిలే ఊపిరీ చేరి వాసనతో పాటు డ్రైవర్‌కు మగత కూడా వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా వారం లోపల వాసన తిరిగి వస్తే, మురికి నురగకు అందనంత లోతుకు పోయిందన్నమాట, ఇక కాయిల్‌ను బయటికి తీసి కడగాల్సిందే. చాలా కార్లలో దీనికి డ్యాష్‌బోర్డు విప్పాలి, ఇది ఇంట్లో చేసే పని కాదు. గ్యాస్‌ను గాలిలోకి వదిలేయకుండా యంత్రంలోకి లాక్కునే దుకాణాన్నే ఎంచుకోండి. ఎక్కువ కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. తిరిగి బిగించేటప్పుడు జాయింట్ల రబ్బరు రింగులు కొత్తవి వేయించి, గ్యాస్ నింపే ముందు లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగించాలి. బానెట్ కింది స్టిక్కర్ మీద ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో రాసి ఉంటుంది, దాన్ని మెకానిక్‌కు చూపించి, నింపినది తూకంలో అంతే ఉందో లేదో దగ్గరుండి చూసి, ఆ అంకెను బిల్లు మీద రాయించుకోండి.