లిఫ్ట్ చేసిన ఫోర్ బై ఫోర్ వణుకుతోందా? లక్షణం నుంచి కారణం దాకా

పాత ఫోర్ బై ఫోర్‌కి ఎత్తైన స్ప్రింగులు, పెద్ద టైర్లు వేసి రోడ్డెక్కించగానే మొదట బయటపడేది వణుకు. చాలామంది వెంటనే స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ కుదుపుల్ని మింగే షాక్ అబ్జార్బర్) కొంటారు. అది పని చేయకపోతే టైర్లు మళ్లీ బ్యాలెన్స్ చేయిస్తారు, ఆ తర్వాత చేతికందిన పార్టల్లా మారుస్తూ పోతారు. నిజానికి బండిని ఎత్తితే యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఉన్న కోణాలన్నీ మారిపోతాయి. అప్పటిదాకా పెద్దగా తెలియని చిన్న చిన్న లూజులు ఆ కొత్త కోణాల్లో బయటపడతాయి. అందుకే ముందు కొలతలు తీయాలి, ఆ తర్వాతే పార్టు కొనాలి.

ఇక్కడ చెప్పేది ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు పక్కల చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండ్ల గురించి. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండ్లకు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ వైపు నుంచి యాక్సిల్‌కు శక్తిని తీసుకెళ్లే తిరిగే కడ్డీ), బ్రేకుల గురించి చెప్పిన భాగాలు మాత్రం పనికొస్తాయి.

ముందుగా: వణుకు ఎక్కడి నుంచి?

సుమారు 32 అంగుళాల టైరు ఒక చుట్టుకు 2.55 మీటర్లు నడుస్తుంది. గంటకు 80 కి.మీ. వేగంలో అది సెకనుకు దాదాపు 9 చుట్లు తిరుగుతుంది. యాక్సిల్ లోపలి గేర్ల నిష్పత్తి, అంటే క్రౌన్ పినియన్ రేషియో, 4.1 అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ అదే సెకనులో 36 చుట్లు తిరుగుతుంది. షాఫ్ట్ చివర వంగే యూనివర్సల్ జాయింట్ (దీన్నే క్రాస్ అంటారు) కోణం తప్పితే ఒక్కో చుట్టుకు రెండు కుదుపులు, అంటే సెకనుకు 72. వీటిని చెవి, చేయి సులువుగానే విడదీస్తాయి. స్టీరింగ్ చక్రం కంటికి కనిపించేలా ఊగితే టైరు, హబ్, స్టీరింగ్ జాయింట్ల వైపు చూడండి. నేల, సీటు, అద్దం సన్నగా జివ్వుమని అదిరితే షాఫ్ట్ వైపు చూడండి.

ఖాళీ రోడ్డు మీద మూడు పరీక్షలు చేయండి. మొదటిది, వణుకు వచ్చే వేగంలోనే ఉంటూ గేరు మార్చండి. వణుకు తీరు ఇంజిన్ ఆర్‌పీఎంతో పాటు మారితే తప్పు ఇంజిన్ మౌంటుల్లోనో క్లచ్‌లోనో ఉంది. రెండోది, అదే వేగంలో ఇంజిన్ ఆపకుండా న్యూట్రల్‌లోకి వేయండి. వణుకు అలాగే ఉంటే టైర్లు లేదా షాఫ్ట్ బ్యాలెన్స్. పోతే లోడ్ పడినప్పుడు మారే కోణం, అంటే పినియన్ (షాఫ్ట్ వచ్చి కలిసే యాక్సిల్ గేరు) వైపు లేదా యాక్సిల్ మౌంటింగ్‌లు. మూడోది, పార్ట్ టైం ఫోర్ వీల్ బండి అయితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి నడపండి, వణుకు పోతే తప్పు ఆ షాఫ్ట్ వైపే. ఎప్పుడూ నాలుగు చక్రాలూ తిరిగే ఫుల్ టైం బండి అయితే, ముందు వెనక షాఫ్టులను కలిపి తిప్పే సెంటర్ డిఫరెన్షియల్ లాక్ వేస్తేనే ఇలా కదులుతుంది. షాఫ్ట్ విప్పే ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక షాఫ్టులకు శక్తిని పంచే గేరు పెట్టె) వెనక ఉంటుంది, వెనక షాఫ్ట్ విప్పితే అది చక్రాలను పట్టదు. ఫ్లాంజ్ రెండు వైపులా పెయింటు గీత గీసి, బిగించేటప్పుడు గీతలు కలపండి.

ఇవన్నీ చేసే ముందు రిమ్ముల లోపలి వైపు కడగండి. ఎండిన బురద గడ్డ ఒక్కటి చాలు, కొత్త టైరు సెట్ కూడా అనుమానంలో పడుతుంది.

గతుకు తగలగానే స్టీరింగ్ రెండు వైపులా కొట్టుకోవడం

మెకానిక్‌లు వాబ్లింగ్ అనేది ఇదే. 60 నుంచి 90 కి.మీ. మధ్య ఒక గతుకో వంతెన జాయింటో తగలగానే మొదలవుతుంది, బండిని దాదాపు ఆపేదాకా ఆగదు. అలా జరిగినప్పుడు స్టీరింగ్‌తో పెనుగులాడకండి. యాక్సిలరేటర్ వదిలి, నిదానంగా బ్రేకు వేసి, పక్కకు తీసుకోండి. కారణం తేలేదాకా ఆ బండిని వేగంగా నడపకూడదు.

అసలు మూలం దాదాపు ఎప్పుడూ స్టీరింగ్ లేదా యాక్సిల్‌ను పట్టుకునే జాయింట్లలో ఒకదాని లూజే. టైరు బ్యాలెన్స్ తప్పితే వణుకు మొదలవడానికి కారణం దొరుకుతుంది. లూజు ఉంటేనే అది పెరిగి పెద్దదవుతుంది.

లూజు పట్టుకోవడానికి జాకీ అక్కర్లేదు. ఆరుబయట, టైర్లు నేల మీదే ఉండగా, హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, సాయానికి ఉన్నవారిని స్టీరింగ్‌ను గడియారంలో పది నుంచి రెండు దాకా గబగబా అటూ ఇటూ తిప్పమనండి. మీరు కిందకు చూస్తూ ఒక్కో జాయింట్ రెండు భాగాల మీదా కలిసేలా వేలి కొన ఆనించండి. రెండు భాగాలు ఒకేసారి కదలాలి. ఒకటి ముందు, ఇంకోటి వెనక కదిలితే లూజు అక్కడే. వేళ్లు నలిగే సందుల్లో చేయి పెట్టకండి.

చూడాల్సిన వరుస ఇది.

పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు పట్టి ఉంచే కడ్డీ) ఛాసిస్ వైపు బోల్టు. ముందు అనుమానించాల్సింది దీన్నే. లిఫ్ట్ పెట్టేటప్పుడు ఈ బోల్టు విప్పి బిగిస్తారు. బండి గాల్లో వేలాడుతుండగానే బిగిస్తే, నేల మీదికి దిగాక రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. సరిగ్గా బిగియని బోల్టు అటూ ఇటూ కొట్టుకుని బ్రాకెట్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా లాభం లేదు. బోల్టు తీసి రంధ్రాన్ని కాలిపర్‌తో అడ్డంగా, నిలువుగా కొలవండి. తేడా కనిపిస్తే బ్రాకెట్ బయటి వైపు సరైన కొలత రంధ్రమున్న 5 లేదా 6 మి.మీ. మందం ప్లేటు వెల్డ్ చేయించండి. బోల్టు మరలు రంధ్రం లోపల ఆనకూడదు, మరలు లేని నున్నటి భాగమే ఆనాలి. అంత పొడవు నున్నటి భాగం ఉన్న 10.9 గ్రేడ్ బోల్టు తీసుకుని, చివరి బిగింపు బండి బరువంతా టైర్ల మీద ఉన్నప్పుడు, వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కి ఇవ్వండి.

టై రాడ్ (ముందు చక్రాలు రెండింటినీ కలిపే కడ్డీ), డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఎండ్లు. బాల్ పైకీ కిందికీ కదిలినా, రబ్బరు బూటు చిరిగి గ్రీజులో మట్టి చేరినా మార్చేయాలి.

బాల్ జాయింట్ లేదా కింగ్ పిన్ బేరింగ్ (స్టీరింగ్‌తో చక్రం తిరిగే కీలు). ఇప్పుడు యాక్సిల్ కింద జాకీ పెట్టి ఎత్తి, స్టాండు మీద దించండి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే కదలిక పోతే లూజు వీల్ బేరింగ్‌ది. అయినా ఉంటే బాల్ జాయింట్‌ది లేదా కింగ్ పిన్‌ది. టైరును పక్కలకు పట్టుకుని ఊపితే మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్లది. కింగ్ పిన్ బేరింగ్ ఉండే బండ్లలో, ఉదాహరణకు సుజుకీ జిమ్నీ, పాత టొయోటా ల్యాండ్ క్రూజర్లలో, బేరింగ్ కొంచెం వదులైతే చాలు వాబ్లింగ్ మొదలవుతుంది. అక్కడ బేరింగ్ మార్చడంతో పని అయిపోదు. షిమ్‌లతో (పలుచటి రేకులతో) ప్రీలోడ్, అంటే బేరింగ్ ముందస్తు బిగింపు, కుదర్చాలి. టై రాడ్ విప్పి, నకిల్ (చక్రాన్ని మోసి తిప్పే ముక్క) ఆర్మ్‌కి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి, అది కదలడం మొదలయ్యే బరువును మాన్యువల్‌తో పోల్చండి. అంతకన్నా తక్కువ వస్తే షిమ్ పలుచన చేయాలి.

స్టీరింగ్ బాక్స్ ఛాసిస్‌కు బిగించిన చోటు. బోల్టుల చుట్టూ పెయింటులో సన్నటి తుప్పు గీత ఉంటే ఛాసిస్ పగులుతోందని అర్థం. తీగ బ్రష్‌తో గీకి చూడండి. అది వెల్డింగ్, ప్లేటింగ్ పని, వాయిదా వేసేది కాదు.

ఇక డ్యాంపర్ సంగతి. లూజు పోయాక కొత్త డ్యాంపర్ వేయడంలో తప్పు లేదు. లూజు ఉండగానే వేస్తే కొన్నాళ్లు వణుకు దాగుతుంది, ఆ కొన్నాళ్లలో రంధ్రం ఇంకా సాగుతుంది. డ్యాంపర్ విప్పేసి నడిపినా బండి నిలకడగా ఉండాలి. మరమ్మతు పూర్తయిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదు.

నేరు రోడ్డు మీద బండి అటూ ఇటూ పోవడం, స్టీరింగ్ తిరిగి రాకపోవడం

కాస్టర్ తగ్గింది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉన్నట్టు, చక్రం తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉంటేనే చక్రం తనంతట తాను నేరుగా వస్తుంది. రేడియస్ ఆర్మ్ (యాక్సిల్ నుంచి వెనక్కి వెళ్లి ఛాసిస్‌కు కలిసే పొడవైన చేయి) ఉన్న బండిని ఎత్తితే యాక్సిల్ ముందుకు తిరిగి ఈ వాలు తగ్గుతుంది. ఆర్మ్ పొడవు 1 మీటరు అనుకుంటే 50 మి.మీ. లిఫ్ట్‌కి దాదాపు 2.9 డిగ్రీలు పోతుంది. ఫ్యాక్టరీ కాస్టర్ 3 డిగ్రీలే ఉన్న బండికి ఇక మిగిలేది సున్నా.

అలైన్‌మెంట్ యంత్రం మీద కాస్టర్ అంకె అడిగి తీసుకోండి, చాలా చోట్ల టో (చక్రాలు ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) మాత్రమే సరిచేసి పంపేస్తారు. 50 మి.మీ. దాకా అయితే ఆఫ్‌సెట్ బుష్షులు చాలు. అంతకన్నా ఎక్కువైతే ఆర్మ్ డ్రాప్ బ్రాకెట్లు లేదా కరెక్షన్ ఉన్న ఆర్మ్‌లు కావాలి. కమాన్ కట్టలున్న ముందు యాక్సిల్‌కు స్టీలు వెడ్జ్ షిమ్‌లు వాడతారు. అల్యూమినియంవి నలిగి ఊడిపోతాయి, వాటి జోలికి పోవద్దు.

ఇక్కడొక చిక్కుంది. కాస్టర్ పెంచడానికి యాక్సిల్‌ను వెనక్కి తిప్పితే పినియన్ ముక్కు కిందికి దిగుతుంది, ముందు షాఫ్ట్ క్రాస్ కోణం పెరుగుతుంది. స్టీరింగ్ కుదిరి షాఫ్ట్ అరవడం మొదలయ్యేది ఇలాగే. ముందు షాఫ్ట్ ఎప్పుడూ తిరిగే ఫుల్ టైం బండికి అప్పుడు డబుల్ కార్డన్ షాఫ్ట్ (ఒక చివర రెండు క్రాస్‌లు జంటగా ఉండేది) తప్పదు.

కాస్టర్ సరిగ్గా ఉన్నా బండి అటూ ఇటూ పోతుంటే టో కొలవండి. చక్రాలు ముందు వైపు విచ్చుకుని ఉంటే బండి అలా పోవచ్చు. మాన్యువల్ ఇచ్చిన కొలతకు, సాధారణంగా 0 నుంచి 3 మి.మీ. లోపలికి, తెచ్చుకోండి. స్టీరింగ్ బాక్స్ పైనున్న అడ్జస్ట్ స్క్రూను ఈ సమస్యకు మందుగా వాడకండి. ఎక్కువ బిగిస్తే మధ్యలో పట్టేసి, స్టీరింగ్ అసలు తిరిగి రాదు.

వేగం పెరిగే కొద్దీ నేల అదరడం

షాఫ్ట్ రెండు చివర్లా ఒక్కో క్రాస్ ఉన్న రకంలో సూత్రం ఒక్కటే: రెండు కోణాలూ 1 డిగ్రీ లోపు తేడాతో సమానంగా ఉండాలి. మొదటి క్రాస్ పుట్టించే వేగం హెచ్చుతగ్గుల్ని రెండోది రద్దు చేస్తుంది. కోణాలు తేడాగా ఉంటే ఆ రద్దు పూర్తికాదు, మిగిలిందే అదురు.

బండిని చదును నేల మీద టైర్ల మీదే నిలిపి, డిజిటల్ యాంగిల్ గేజ్‌తో మూడు అంకెలు తీయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ అవుట్‌పుట్ వెనక్కి 4 డిగ్రీలు కిందికి, షాఫ్ట్ 12 డిగ్రీలు కిందికి ఉందనుకుందాం. ముందు క్రాస్ కోణం 8. పినియన్ గీత కూడా 4 డిగ్రీలుంటే వెనక క్రాస్ కూడా 8, బాగుంది. పినియన్ 1 డిగ్రీయే ఉంటే వెనక క్రాస్ 11 అవుతుంది. పినియన్ ముక్కును 3 డిగ్రీలు పైకి లేపాలి, అంటే 3 డిగ్రీల వెడ్జ్. కమాన్ కట్ట యాక్సిల్ పైన ఉంటే వెడ్జ్ మందపు వైపు వెనక్కి, కట్ట యాక్సిల్ కింద ఉంటే ముందుకి. సెంటర్ బోల్టు తల యాక్సిల్ ప్యాడ్ రంధ్రంలో పూర్తిగా కూర్చోవాలి, వెడ్జ్ మందానికి తగ్గట్టు పొడవు బోల్టు వేయండి. విప్పిన యూ బోల్టులు మళ్లీ వాడకండి, కొత్తవి వేసి కొంత దూరం నడిపాక మళ్లీ బిగించండి.

ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు డబుల్ కార్డన్ జాయింట్ ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు పినియన్ నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి. వెనక కమాన్ కట్టలుంటే 1 నుంచి 2 డిగ్రీలు తక్కువగా ఉంచండి, లోడ్ పడినప్పుడు యాక్సిల్ మెలిపడి పినియన్ ముక్కు పైకి లేస్తుంది.

కోణాలు బాగున్నా అదురుంటే ఫేజ్ చూడండి. షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు (క్రాస్‌ను పట్టే కొమ్ములు) ఒకే గీతలో ఉండాలి. గ్రీజు పెట్టడానికి స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు మారేందుకు జారే గాళ్ల ముక్క) విప్పి ఒక్క స్ప్లైన్ పక్కకు బిగించినా తప్పే. క్రాస్ కప్పుల దగ్గర ఎర్రటి పొడి ఉంటే లోపల సూదులు ఎండిపోయాయి, గ్రీజు కొట్టినా తిరిగి రావు.

రెండు ముక్కల షాఫ్ట్ బండి కదిలేటప్పుడు 30 కి.మీ. లోపే గడగడలాడితే సెంటర్ బేరింగ్ ఎత్తు చూడండి. వెనక యాక్సిల్ కిందికి దిగినా ఆ బేరింగ్ పాత చోటే ఉండిపోయింది. ఛాసిస్‌కీ దానికీ మధ్య స్పేసర్లు పెట్టి కొద్దికొద్దిగా దించుతూ కోణాలు కొలవండి.

గేరు వేయగానే, యాక్సిలరేటర్ వదలగానే "టక్" మనే శబ్దానికి క్రాస్‌లు, ఎండిన స్లిప్ స్ప్లైన్, లూజు యూ బోల్టులు చూసి, చివరికి పినియన్ లూజు దగ్గరికి రండి.

గతుకు ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తాను తిరగడం

డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రాడ్ ఒకదానికొకటి సమాంతరంగా లేవు. డ్రాప్ పిట్‌మ్యాన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ నుంచి డ్రాగ్ లింక్‌ను ఇంకా కిందికి దించే ఆర్మ్) ఒక్కటే వేసి పాన్‌హార్డ్‌ను పాత చోటే వదిలేసినప్పుడు ఇలా అవుతుంది. వేస్తే రెండూ దించాలి, లేదంటే రెండూ వదిలేయాలి.

యాక్సిల్ ఒక పక్కకు జరిగి ఉండటం వేరే విషయం. 850 మి.మీ. పాన్‌హార్డ్ రాడ్ చివరల మధ్య ఎత్తు తేడా 50 నుంచి 150 మి.మీ.కి పెరిగితే యాక్సిల్ దాదాపు 12 మి.మీ. ఛాసిస్ బోల్టు ఉన్న వైపుకు జరుగుతుంది. అడ్జస్టబుల్ రాడ్‌తో మధ్యకు తెచ్చాక డ్రాగ్ లింక్ అడ్జస్టర్‌తో స్టీరింగ్ చక్రాన్ని నేరుగా పెట్టండి. స్టీరింగ్ చక్రాన్నే దాని ఇరుసు నుంచి తీసి తిప్పి పెట్టే అడ్డదారి వద్దు, బాక్స్ మధ్య స్థానం తప్పుతుంది.

బ్రేకు వేస్తేనే వణుకు, లేదా ముక్కు మరీ కిందికి వంగడం

బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్క్ తీసి హబ్ ముఖం చూడండి. అక్కడి తుప్పు పొర డిస్క్‌ను పక్కకు ఒరిగేలా చేస్తుంది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, డయల్ గేజ్‌తో కొలిచి, ఊగుడు 0.1 మి.మీ. దాటితే డిస్క్ మార్చండి లేదా చెక్కించండి.

లిఫ్ట్ తర్వాత ముక్కు ఎక్కువగా వంగి, వెనక బ్రేకులు పట్టనట్టు అనిపిస్తే వెనక యాక్సిల్‌కు కడ్డీతో కలిసి ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వ్‌ను చూడండి. ఛాసిస్ ఎత్తు పెరగడంతో ఆ వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు ప్రెషర్ తగ్గిస్తుంది. వెనక లిఫ్ట్ ఎంతో, కడ్డీ యాక్సిల్ వైపు బ్రాకెట్‌ను అంతే పైకి లేపండి. అదే సమయంలో ఛాసిస్‌ను స్టాండ్ల మీద ఉంచి యాక్సిల్‌ను పూర్తిగా కిందికి వేలాడదీయండి. బ్రేకు హోసులు, ఏబీఎస్ వైర్లు, డిఫరెన్షియల్ బ్రీదర్ పైపు ఎక్కడా బిగుసుకోకూడదు, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పినా సరే. హోసు బిగుసుకుంటే పొడవైనది వేసి, గాలి తీసి, పెడల్ గట్టిగా ఉందని చూసుకున్నాకే బండిని కదపండి.