తప్పు ఫైల్‌దా, మిషన్‌దా? సెల్ఫ్ సర్వీస్ ప్రింట్ షాపులో తేల్చుకోవడం ఇలా

సెల్ఫ్ సర్వీస్ ప్రింట్ షాపులో కౌంటర్ దగ్గర మనిషి ఉంటాడు గానీ, డబ్బులు తీసుకోవడానికే. పేజీ మీద నల్లగీత వచ్చిందని చెబితే ఫోన్‌లోంచి తలెత్తకుండానే ‘మీ ఫైలే అంత’ అంటాడు. పిల్లలకు ప్రశ్నపత్రాలు ప్రింట్ తీసే పనిమీద ఇలాంటి చోట్లకు తరచూ వెళ్తుంటాను. అక్కడ గొంతు పెంచి లాభం లేదు. తప్పు మిషన్‌దేనని కాగితం పెట్టి చూపిస్తే మాత్రం ఎంత మొండివాడైనా కాస్త దిగొస్తాడు.

ముందు మన వైపు వంక లేకుండా చూసుకోవాలి. వర్డ్ ఫైల్ కాకుండా పీడీఎఫ్ పట్టుకెళ్లండి. మన ఫాంట్ అక్కడి కంప్యూటర్‌లో లేకపోతే లైన్లు కిందామీదా అయిపోతాయి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగైతే పిచ్చిగీతలే. పేజీ సైజు ఏ4, అంటే 210 × 297 మిల్లీమీటర్లు, ఉందో లేదో చూడండి. ఫైల్ అమెరికాలో వాడే లెటర్ సైజులో ఉంటే ట్రే నిండా ఏ4 ఉన్నా కొన్ని మిషన్లు ‘పేపర్ పెట్టండి’ అంటూ మొరాయిస్తాయి. కౌంటర్ మనిషేమో ‘నిండుగానే ఉందిగా’ అంటాడు. ఇద్దరి మాటా నిజమే!

అక్కడికెళ్లాక ఒక్క పేజీ తీసి చూశాకే మిగతావి. కలర్ సెట్టింగ్ కూడా చూసుకోండి. నల్ల అక్షరాల పేజీలో ఒక్క నీలం లింకున్నా కలర్ పేజీగా లెక్కపడొచ్చు.

ఇక గీతల సంగతి. జిరాక్స్ తీస్తుంటే పైనుంచి కిందిదాకా సన్నటి నిలువుగీత పడుతోందనుకోండి. అదే కాగితాన్ని ఫీడర్‌లో, అంటే మూత మీద కాగితాలు పెడితే ఒక్కొక్కటే లోపలికి లాక్కునే చోట, కాకుండా, మూత ఎత్తి గాజు మీద బోర్లించి తీయండి. గీత మాయమైతే దొంగ దొరికినట్టే. పెద్ద గాజు పక్కనే సన్నటి గాజు పట్టీ ఒకటుంటుంది. ఫీడర్‌లోంచి వచ్చే కాగితాన్ని మిషన్ చదివేది అక్కడే. దానిమీద వైట్‌నర్ చుక్కో, జిగురో అంటుకుంటే చాలు: కాగితం కదిలిపోతుంది, చుక్క కదలదు, కాబట్టి అది పేజీ పొడవునా గీతగా పడుతుంది. మెత్తటి బట్టతో తుడిస్తే పోయే పని.

ఒకే మచ్చ సమాన దూరంలో మళ్లీ మళ్లీ పడుతుంటే మిషన్ లోపల తిరుగుతూ అక్షరాల్ని కాగితం మీదికి ఎక్కించే డ్రమ్‌కో, రోలర్‌కో దెబ్బ తగిలిందన్నమాట. వేలితో రుద్దితే అక్షరాలు రాలుతున్నాయంటే టోనర్, అంటే ఇంకు పొడి, కాగితానికి సరిగా అతకలేదు. అసలు ఫైల్‌ని ఫోన్‌లో తెరిచి అదే చోటు పెద్దది చేసి చూపించండి. అక్కడ మచ్చ లేకపోతే ఫైల్ మీద నింద వేయడం కుదరదు.

పాడైన కాగితాలు చెత్తబుట్టలో వేయకండి, అవే మీ సాక్ష్యం. మంచిదీ చెడ్డదీ పక్కపక్కన పెట్టి నేనైతే ఇలా అంటాను: ‘బాబూ, ఇది గాజు మీద తీసింది, ఇది ఫీడర్‌లో తీసింది. గీత దీనికే ఉంది. ఆ పట్టీ ఒకసారి తుడిచి, ఈ పేజీలు లెక్కలోంచి తీసెయ్యి.’ మాట అంతే, సాగదీయను.

మధ్యలో కాగితం ఇరుక్కుంటే మళ్లీ ప్రింట్ నొక్కకండి. అడ్డం తీయగానే చాలా మిషన్లు మిగిలిన పేజీలు వాటంతటవే ఇస్తాయి, రెండోసారి నొక్కినవి అదనపు ఖర్చు. మీరే లాగితే చిరిగి ముక్క లోపల చిక్కుకోవచ్చు, పైగా లోపల కొన్ని భాగాలు చుర్రుమంటాయి. సెల్ఫ్ సర్వీస్ అయినా ఇది మాత్రం వాళ్ల పనే, పిలవండి.

అప్పటికీ వినకపోతే రసీదు, మిషన్ నంబరు, పాడైన పేజీ కలిపి ఫొటో తీసి యజమానికి పంపండి.

బయటికొచ్చే ముందు డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు చెరిపేసి, మెయిల్ లాగౌట్ చేయండి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే మీ ఫోన్‌లోనే లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి తీసెయ్యండి. ‘నేను చూసుకుంటాలెండి’ అని కౌంటర్ మనిషి అన్నా సరే, అది మీరే చేసుకోండి.