మిరప నారు ఈసారి ఎలా నిలదొక్కుకుందంటే

పోయినేడు ప్రోట్రేల్లో (కొబ్బరి పొట్టు నింపిన గుంటల ప్లాస్టిక్ ట్రేలు) పెంచిన మిరప నారు పొలంలో నాటాక 10 రోజులు తల వాల్చేసింది. పైకి పచ్చగానే ఉంది గానీ, ట్రేలోంచి లాగితే కొబ్బరి పొట్టు పొడిపొడిగా రాలేది. దాన్ని పట్టుకునేన్ని వేళ్లు లేవు.

ఈసారి సముద్రపు నాచు ద్రావణం తెచ్చాను. తమిళనాడులో మండపం వైపు తెప్పల మీద పెంచుతారే, ఆ కప్పాఫైకస్ నాచు రసం. అందులో సైటోకైనిన్లు, ఆక్సిన్లు అనే మొక్క ఎదుగుదల హార్మోన్లు, పొటాష్ ఉంటాయి. ఎరువు మాత్రం కాదు, ఎరువు మానేసి దీన్ని నమ్ముకోవద్దు.

మొదట ఆత్రంగా లీటరుకు 10 మి.లీ. కలిపి మిట్టమధ్యాహ్నం కొట్టాను. ఆకు కొనలు మాడి ఒక ట్రే పోయింది. 2 మి.లీ.కి తగ్గించి, గింజ వేసిన 15వ రోజు, 25వ రోజు సాయంత్రం పూట పిచికారీ చేశాను. నాటే ముందు అదే నీళ్లలో ట్రే అడుగు ముంచాను.

ఆ రోజు ఒక మొక్క లాగితే పొట్టు ముద్దగానే వచ్చింది, చుట్టూ తెల్లటి పీచు వేళ్లు అల్లుకుని. ప్రాణం లేచొచ్చింది. నాలుగో రోజుకే చిగురు. తేడా తెలియాలని వట్టి నీళ్లు పోసి ఉంచిన రెండు ట్రేల నారు తేరుకోవడానికి వారం పైనే పట్టింది.