గుర్రం వీర్యం 5 డిగ్రీల దగ్గర నిల్వ: ఎక్స్‌టెండర్, పాళ్లు, చల్లబరిచే వేగం

ఎదకొచ్చిన గేదెకు పావు మిల్లీలీటరు వీర్యపు స్ట్రా (గడ్డకట్టించిన వీర్యమున్న సన్న గొట్టం) కరిగించి వేయడం మన ఊళ్లలో గోపాలమిత్రలకు రోజువారీ పని. ఆ లెక్క గుర్రం దగ్గర చెల్లదు. ఆంబోతు స్ట్రాలో 2 కోట్ల శుక్రకణాలుంటే సరిపోతుంది. ఆడగుర్రానికి వేసే సమయానికి డోసులో చురుగ్గా ముందుకు ఈదే కణాలు 50 కోట్లు ఉండాలి. చల్లబరిచి పంపితే దారిలో సగం పోతాయన్న లెక్కతో బయల్దేరేటప్పుడే 100 కోట్లు పెట్టాలి.

మార్వాడీ, కాఠియావాడీ జాతుల వీర్యాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించే పని బికనీర్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాఖ చేస్తోంది. కానీ కొన్ని మగ గుర్రాల వీర్యం గడ్డకట్టడాన్ని అసలు తట్టుకోదు. తట్టుకున్నా అండం విడుదలకు 12 గంటల ముందు నుంచి 6 గంటల తర్వాత లోపే వేయాలి, అంటే రాత్రీపగలూ స్కానింగ్. ఒకటి రెండు రోజుల్లో వాడేదైతే చల్లబరచడమే నయం. రేసు గుర్రాలకు మాత్రం ఏ పద్ధతీ పనికిరాదు. సహజంగా దాటించగా పుట్టిన థరోబ్రెడ్ పిల్లనే స్టడ్ బుక్కులో (జాతి నమోదు పుస్తకంలో) రాస్తారు.

వీర్యాన్ని పలచన చేసి కణాలను కాపాడే ద్రావణం, అంటే ఎక్స్‌టెండర్, ముందే సిద్ధంగా ఉండాలి. వెన్న తీసిన పాలపొడి 2.4 గ్రాములు, గ్లూకోజు 4.9 గ్రాములు కలిపి డిస్టిల్డ్ వాటర్‌తో 100 మి.లీ. చేయండి. అందులో అమికాసిన్ 100 మి.గ్రా., క్రిస్టలైన్ పెన్సిలిన్ లక్ష యూనిట్లు వేయండి. పాలపొడికి బదులు పాలు వాడితే 92–95 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, గిన్నెలో గిన్నె పెట్టి కాచాలి. పచ్చిపాలలో శుక్రకణాలకు పడని ప్రొటీన్ ఉంటుంది. యాంటీబయాటిక్ చల్లారాకే కలపాలి. వాడే ముందు ఎక్స్‌టెండర్‌ను 37 డిగ్రీలకు తేవాలి.

సేకరణకు కృత్రిమ యోని లోపలి వేడి 44–48 డిగ్రీల మధ్య ఉండాలి. దాటితే కణాలు దెబ్బతింటాయి. సీసాకు ముందు నైలాన్ ఫిల్టర్ పెట్టి, వీర్యంతో పాటు వచ్చే జిగురును వేరుచేసి పారేయండి. రబ్బరు బిరడా ఉన్న సిరంజీలు, సబ్బు తడి మిగిలిన గాజుసామాను శుక్రకణాలకు విషం. ఎంతో మంచి వీర్యం గంటలో చచ్చిపోతే మగ గుర్రాన్ని తప్పుపట్టే ముందు సిరంజీని చూడండి.

ఇప్పుడు పాళ్లు. జిగురు తీసిన వీర్యం 60 మి.లీ. వచ్చిందనుకుందాం. మి.లీ.కు 20 కోట్ల కణాలు, అందులో 70 శాతం చురుకైనవి. అంటే మి.లీ.కు 14 కోట్లు. వీర్యం 7 మి.లీ.కు ఎక్స్‌టెండర్ 33 మి.లీ. పోస్తే 40 మి.లీ. డోసు అవుతుంది, అందులో చురుకైనవి 98 కోట్లు, దాదాపు మనకు కావలసిన 100 కోట్లు. ఆ 60 మి.లీ.తో ఇలాంటివి ఎనిమిది చేయవచ్చు. ఇక్కడ చూడాల్సింది కణాల లెక్క ఒక్కటే కాదు: వీర్యద్రవం వాటా 20 శాతం దాటకూడదు, దాటితే చలిలో కణాలు త్వరగా నీరసిస్తాయి. పలచటి వీర్యమైతే సమపాళ్లలో ఎక్స్‌టెండర్ కలిపి, 500–600 జి (భూమ్యాకర్షణకు అన్ని రెట్లు) బలంతో 10 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేసి, పైద్రవం తీసేయాలి. 15 సెం.మీ. వ్యాసార్థమున్న యంత్రానికి 1800 ఆర్‌పీఎం సుమారు 540 జి అవుతుంది. ఇంకా వేగం పెంచితే అడుగున గట్టిగా ముద్దకట్టి కణాలు నలుగుతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది చల్లబరచడంలోనే. 37 నుంచి 20 డిగ్రీల దాకా కొంచెం త్వరగా దిగినా ఫర్వాలేదు. 19 నుంచి 8 మధ్య తొందరపడితే కణాల పొర చిట్లుతుంది. అవి గుండ్రంగా తిరగడం, వెనక్కి ఈదడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. అందుకే 20 నుంచి 5 వరకు నిమిషానికి 0.05–0.1 డిగ్రీ మించకూడదు. అంటే రెండున్నర నుంచి ఐదు గంటలు. ప్రత్యేకమైన పెట్టె లేకపోతే ట్యూబులను గది వేడి నీళ్లున్న లీటరు పాత్రలో నిలబెట్టి, 5 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి. ముందుగా ఒక ట్యూబులో ఉత్త ఎక్స్‌టెండర్ పోసి, థర్మామీటరు ముంచి, పది నిమిషాలకోసారి రాసుకోండి. వేగంగా దిగుతుంటే నీళ్లు పెంచండి. ట్యూబులో గాలి మిగల్చకండి. దారిలో కుదుపులకు గాలి కలిస్తే కణాలు దెబ్బతింటాయి. ధర్మాకోల్ పెట్టెలో పెట్టి పంపేటప్పుడు ఐస్ ప్యాక్ ట్యూబుకు తగలకుండా కాగితం చుట్టండి.

చేరాక ఒక్క చుక్క మాత్రమే స్లైడు మీద వేసి, 37 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలుంచి చూడండి. మిగతాది వేడి చేయకుండానే గర్భాశయంలోకి ఎక్కించవచ్చు. వేడిచేసి మళ్లీ చల్లబరిస్తే డోసు చెడినట్లే. ఆడగుర్రానికి స్కానింగ్‌లో 35 మి.మీ. దాటిన ఫాలికిల్ (అండం పెరిగే తిత్తి) కనిపించినప్పుడు హెచ్‌సీజీ (అండాన్ని విడుదల చేయించే హార్మోను) వేస్తే అండం సాధారణంగా 24–48 గంటల్లో విడుదలవుతుంది, డోసు ఆ లోపే పడాలి.

సీజన్ మొదలవకముందే ప్రతి మగ గుర్రం వీర్యాన్నీ 24, 48 గంటల దగ్గర పరీక్షించి పెట్టుకోండి. 24 గంటలకు చురుకైనవి 30 శాతం లోపుకు పడిపోతే ఎక్స్‌టెండర్ మార్చి మళ్లీ చూడాలి. కొన్నింటికి 5 కంటే 15 డిగ్రీలే పడుతుంది, కానీ అందుకు తగిన ఎక్స్‌టెండర్ కావాలి. గుర్రాలకు వచ్చే ధమని శోథ (రక్తనాళాల వాపు) వైరస్ చల్లబరిచిన వీర్యంలోనూ, గడ్డకట్టించిన దానిలోనూ బతికే ఉంటుంది. ఆ వైరస్‌కు చేసే రక్తపరీక్ష కాగితం లేని మగ గుర్రం దగ్గర సేకరణే మొదలుపెట్టకండి.